నిరూపకాల చెక్కుబంది
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు నన్ను నా వృత్తిని గురించి, అదీ తెలుగులో, పిల్లలకు కూడ బోధపడేలా మాట్లాడమన్నారు. నేను కంప్యూటరులో పటాలు గీసే ప్రోగ్రాములు వ్రాసేవాడిని. ఆ వృత్తిలో విషయాలు చాల ఉన్నా, ఈనాడు ఒక్కదానినే ఎన్నుకున్నాను. పటం మీది ప్రతి అంకెకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనివాడి చేతిలో సరియైన అంకె కూడ తప్పు చోటును చూపుతుంది. నేను చెప్పదలచినది ఇంతే. అయితే దీనిని ఉదాహరణలతో చెప్పకపోతే వృథా.

ఒక బిందువు తావును తెలిపే రెండు అంకెలను మనం ‘నిరూపకాలు’ అని నేర్చుకున్నాం. నల్లబల్ల మీద అడ్డంగా ఒక అక్షం, నిలువుగా ఒక అక్షం. రెండింటి చివరలా బాణపు గుర్తులు. అవి అనంతంగా సాగిపోతాయని ఆ బాణాల అర్థం. గణితంలో అది సత్యమే. భూమి మీద మాత్రం ఏ అక్షమూ అనంతంగా సాగదు. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీదికి దించే ప్రతి పద్ధతీ, అంటే ప్రతి ప్రక్షేపమూ, ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. ఎంతవరకు సాగితే భరించవచ్చునో నిర్ణయించి, అక్కడ హద్దు గీస్తారు. భూమి దస్తావేజులో చెక్కుబంది వ్రాస్తాం కదా, తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన చెరువు గట్టు అని. నిరూపక వ్యవస్థకూ సరిగ్గా అటువంటి చెక్కుబందే ఉంటుంది. పడమటి రేఖాంశం, దక్షిణపు అక్షాంశం, తూర్పు రేఖాంశం, ఉత్తరపు అక్షాంశం, ఈ నాలుగు అంకెలే అది.

ప్రపంచమంతటా విరివిగా వాడే ఒక పద్ధతిని చూడండి. దీనిని యూ.టి.ఎం. అంటారు. 2005లో ప్రకటించిన జాతీయ పటాల విధానం ప్రకారం భారత సర్వేక్షణ శాఖవారు ప్రజలకు పటాలను ఈ పద్ధతిలో ఇవ్వసాగారు. ఇందులో భూగోళాన్ని బత్తాయి పండు వలె నిలువుగా 60 తొనలు చేస్తారు. ఒక్కొక్క తొన వెడల్పు 6 డిగ్రీల రేఖాంశం. తొన సన్నగా ఉంటుంది కనుక దాని తొక్కను బల్ల మీద పరిస్తే పెద్దగా చిరగదు. 72 నుంచి 78 డిగ్రీల వరకు 43వ తొన, 78 నుంచి 84 వరకు 44, 84 నుంచి 90 వరకు 45. ముంబాయి, షోలాపురం, బళ్ళారి, బెంగుళూరు 43లో పడతాయి. హైదరాబాదు, చెన్నై, యానాం, విశాఖపట్నం 44లో. మన బరంపురం 45లో.

ఈ 84వ డిగ్రీ గీత మన ముంగిట్లోనే పోతున్నదని ఎందరికి తెలుసును? ఇక్కడ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు నౌపడ దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషను చేరేలోగా దానిని దాటుతాం. అక్కడ బోర్డు లేదు, రైలు కుదుపూ లేదు. పర్లాకిమిడికి పడమరగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో అదే గీత పోతుంది. 1936 ఏప్రిల్ 1న గీచిన రాష్ట్ర సరిహద్దుతో దానికి సంబంధమే లేదు. ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట, పలాస మనతోపాటు 45లో ఉన్నాయి. ఒడిశాలో ఉన్న గుణుపురం 44లో ఉంది. మన బంధువర్గాల వలెనే ఈ తొనలు కూడ రాష్ట్రాలను లెక్కచేయలేదు.

ఇక అసలు చిక్కు. ప్రతి తొనలోను నడిమి రేఖకు 5,00,000 మీటర్లు అని విలువ ఇస్తారు, పడమటివైపు రుణ సంఖ్యలు రాకుండా. ఉత్తరపు దూరాన్ని భూమధ్యరేఖ నుంచి కొలుస్తారు. ఇది 60 తొనలకూ సమానం. అందుచేత ఒకే అంకెల జంట 60 చోట్ల వస్తుంది. బరంపురానికి 45వ తొనలో తూర్పు విలువ సుమారు 2,68,000 మీటర్లు, ఉత్తరపు విలువ సుమారు 21,37,000 మీటర్లు. ఈ రెండు అంకెలనే 44వ తొనవిగా భావించి గీయండి. చుక్క సరిగ్గా 6 డిగ్రీలు పడమరకు జరిగి, ఆదిలాబాదు అడవుల్లో ఉట్నూరు దగ్గర పడుతుంది. అంకెల్లో తప్పు లేదు, లెక్కలో తప్పు లేదు. చెక్కుబంది తెలియలేదు, అంతే.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. కొన్నేళ్ళ క్రిందట ఒక కార్యాలయం నుంచి తుపాను ఆశ్రయ భవనాల పట్టిక ఒకటి మా వద్దకు వచ్చింది. తూర్పు విలువ, ఉత్తరపు విలువ అని రెండు నిలువు వరుసలున్నాయి. తొన సంఖ్యకు వరుస లేదు. గీతకు పడమట పనిచేసినవారు 44లోను, తూర్పున పనిచేసినవారు 45లోను కొలిచి, ఇద్దరి కాగితాలను ఎవరో ఒక్కటిగా కుట్టారు. ప్రోగ్రాముకు అంతా 44 అని చెప్పగానే సగం భవనాలు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన కొండల మీద వెలిశాయి. కంప్యూటరు కిమ్మనలేదు. మాతో పనిచేసే ఒక కుర్రవాడు, “అయ్యా, కొండ మీద తుపాను ఆశ్రయమేమిటండీ?” అని నవ్వినప్పుడు గాని ఎవరికీ తట్టలేదు.

అంత పెద్ద తప్పు గనుక నవ్వు వచ్చింది. చిన్న తప్పయితే నవ్వు రాదు, అనుమానమూ రాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, అటు శ్రీకాకుళం జిల్లాను, ఇటు గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. వంశధార పొంగింది. తిత్లీ వంటి తుపానుకు పటం గీసేవాడు రెండు రాష్ట్రాల కాగితాలను, రెండు తొనల అంకెలను ఒకే బల్ల మీద పరచాలి. ఏటి ఒడ్డున ఉన్న ఊరు రెండు వందల మీటర్లు ఇటు జరిగినా పటంలో అది మెరక మీద ఉన్నట్లే కనిపిస్తుంది.

రెండు వందల మీటర్లు ఎందుకు జరుగుతుందంటారా? దానికి కొంచెం చరిత్ర చెప్పాలి. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను గొలుసుతో కొలిచి, అక్కడి నుంచి త్రిభుజం మీద త్రిభుజంగా దేశాన్ని కొలుచుకుంటూ పోయాడు. సుమారు 78వ రేఖాంశం వెంట ఉత్తరానికి నడిచిన ఆ కొలతలోనే 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. తరువాత జార్జి ఎవరెస్టు ఆ పనిని హిమాలయాల పాదం వరకు తీసుకొనిపోయాడు. ఆ కొలతల నుంచి 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. అది మన ఉపఖండానికి చక్కగా అతుకుతుంది. భూగోళమంతటికీ అతకదు. నేటి జి.పి.ఎస్. వాడే డబ్ల్యు.జి.ఎస్. 84 అనే ఆకారంలో భూమధ్యరేఖా వ్యాసార్ధం 63,78,137 మీటర్లు. ఎవరెస్టు లెక్కలో అది దాదాపు 860 మీటర్లు తక్కువ. రెండింటి కేంద్రాలు కూడ ఒకే చోట లేవు. కనుక పాత సర్వే పటంలోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా జి.పి.ఎస్. పటం మీద పెడితే మన ప్రాంతంలో చుక్క రెండు వందల మీటర్లకు పైగా తొలగుతుంది. ఎవరెస్టు లెక్కను తప్పు అనడం అన్యాయం. దాని చెక్కుబంది హిందూదేశం. ఆ హద్దుల్లో అది తరతరాలు సేవ చేసింది.

ఇప్పుడు ప్రోగ్రాము లోపలికి వద్దాం. పటంలోని ప్రతి పొర, అనగా ఊళ్ళు ఒక పొర, రోడ్లు ఒక పొర, తన నాలుగు హద్దులను తన వెంట ఉంచుకుంటుంది. ప్రతి నిరూపక వ్యవస్థకూ తాను వర్తించే నాలుగు హద్దులు వేరే ఉంటాయి. యూరపు పెట్రోలియం సర్వే బృందంవారు మొదలుపెట్టిన ఇ.పి.ఎస్.జి. అనే జాబితాలో ఒక్కొక్క వ్యవస్థకు ఒక సంఖ్య ఇచ్చి, ఈ హద్దులను కూడ నమోదు చేశారు. 44వ తొన ఉత్తరార్ధానికి 32644, 45వ తొనకు 32645. గీయడానికి ముందు ఈ రెండు హద్దులను పోల్చి చూడమని ప్రోగ్రాముకు చెప్పడానికి నాలుగు పంక్తులు చాలు. చాలామంది ఆ నాలుగు పంక్తులు వ్రాయరు. సూత్రాన్ని తీసుకొని హద్దులను పారవేస్తారు. ప్రోజ్ అనే సుప్రసిద్ధమైన ఉచిత సాఫ్ట్‌వేరులో సైతం ఈ హద్దుల పట్టిక 2019లో ఆరవ సంస్కరణతో గాని పూర్తిగా లోపలికి చేరలేదు. తాళంచెవి ఇచ్చి తలుపు ఎక్కడుందో చెప్పనట్లుగా ఉండేది వెనుకటి వ్యవహారం.

అయితే ఈ హద్దు గోడ వంటిది కాదు. దాటిన మరుక్షణం లెక్క కూలిపోదు. నెమ్మదిగా సాగుతుంది, అంతే. మన ఊరిని దాని సొంత 45వ తొనలో కొలిస్తే వంద ఎకరాలకు సుమారు అయిదు సెంట్లు ఎక్కువ వస్తుంది. అదే ఊరిని హద్దు దాటించి 44వ తొనలో కొలిస్తే ముప్పయి ఒక్క సెంట్లు ఎక్కువ వస్తుంది. చేతి ఫోనులో మనం చూసే పటాల ప్రక్షేపంలో, ఏ సవరణా చేయకుండా, నేరుగా వైశాల్యం కడితే వంద ఎకరాలు నూట పన్నెండు ఎకరాలవుతాయి. ఈ మూడు లెక్కలూ ఒకే పొలానికి. సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే దేశంలో ఇది చిన్న సంగతి కాదు. పొలం గట్టు కొలిచి చూపే ఫోను ప్రోగ్రాములను చూసి బేరమాడేవారు అందులో ఏ వ్యవస్థలో వైశాల్యం కట్టారో అడిగితే బాగుంటుంది. అడిగినా చెప్పగలవారు అరుదు.

ఆ ఫోను పటాల ప్రక్షేపానికీ హద్దుంది. ఉత్తర దక్షిణాల్లో 85.05 డిగ్రీల దగ్గర అది ఆగిపోతుంది. ధ్రువం దాకా పోతే ఆ పద్ధతిలో కాగితం అనంతంగా పొడుగు సాగవలసి ఉంటుంది. అందుకని ప్రపంచం సరిగ్గా సమచతురస్రంగా కనిపించే చోట కత్తిరించారు. అది కేవలం సౌకర్యం కోసం గీసిన హద్దు.

హద్దులను ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థలోకి మార్చేటప్పుడు మరొక ఉచ్చు ఉంది. గణిత ఉపాధ్యాయులకు ఇది నచ్చుతుందనుకుంటాను. దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలే కదా, ఆ నాలుగింటినీ మార్చితే చాలునని అనిపిస్తుంది. చాలదు. భూమి మీద తూర్పు పడమరలుగా పోయే అక్షాంశ రేఖ యూ.టి.ఎం. కాగితం మీద వంపుగా, నడుమ క్రిందికి జారిన తోరణం వలె వస్తుంది. 44వ తొనలో 16వ అక్షాంశాన్ని చూడండి. రెండు చివరలకంటె నడుమ 81వ రేఖాంశం దగ్గర అది రెండు కిలోమీటర్లకు పైగా దిగువన ఉంటుంది. మూలలను మాత్రమే మార్చిన ప్రోగ్రాము ఆ తోరణం అడుగు భాగాన్ని కత్తిరిస్తుంది. 16 ఉత్తర అక్షాంశం, 81 తూర్పు రేఖాంశం ఎక్కడో తెలుసునా? దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న నేల. పటం నుంచి జారిపోకూడని నేల ఏదైనా ఉంటే అది. విరుగుడు సులువు. అంచుల వెంట నడుమ నడుమ మరికొన్ని బిందువులు పెట్టి, అన్నింటినీ మార్చి, అందులో అన్నిటికంటె తక్కువను, ఎక్కువను తీసుకోవాలి. ప్రోజ్‌లో ఈ పని చేసే సాధనాన్ని 2021లో వచ్చిన 8.2 సంస్కరణలో చేర్చారు. అంతకుముందు ఎవరికి వారే వ్రాసుకునేవారు, లేదా వ్రాసుకోకుండానే వదిలేసేవారు.

అక్షాంశం ముందా, రేఖాంశం ముందా అన్నది ఇంకొక తగవు. భూగోళశాస్త్రం చదివినవారు అక్షాంశం ముందు చెబుతారు. గణితం చదివినవారు అడ్డపు విలువ ముందు కావాలంటారు గనుక రేఖాంశం ముందు వ్రాస్తారు. సాఫ్ట్‌వేరులు కూడ ఈ రెండు వర్గాలుగా చీలిపోయాయి. బరంపురం 19.3 అక్షాంశం, 84.8 రేఖాంశం. తారుమారు చేస్తే 84.8 అక్షాంశం, 19.3 రేఖాంశం అవుతుంది. స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన గడ్డకట్టిన సముద్రం! అక్షాంశం 90 దాటకూడదన్న సామాన్యమైన తనిఖీ దీనిని పట్టలేదు, 84.8 తొంభైలోపే కనుక. గౌహతి అయితే 91.7 అవుతుంది గనుక దొరికిపోతుంది. అస్సాం తప్పు పట్టుబడి, మన తప్పు తప్పించుకుంటుంది. భూగోళమంతటి హద్దుతో కాక, మన పని జరిగే ప్రాంతపు హద్దుతో పోల్చితేనే రెండూ పట్టుబడతాయి.

ఖాళీగా వదిలేసిన గడిని సున్నగా చదివే ప్రోగ్రాములూ ఉన్నాయి. సున్న అక్షాంశం, సున్న రేఖాంశం ఆఫ్రికాకు పడమట గినియా సింధుశాఖలో నీళ్ళ మీద ఉంటుంది. వెయ్యి ఊళ్ళ పట్టికలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ఆ పొర చెక్కుబంది గినియా సముద్రం నుంచి గంజాం దాకా చాచుకుంటుంది. ‘మొత్తం పటం చూపు’ అనగానే మన జిల్లా ఒక మూల ఆవగింజంతగా కనిపిస్తుంది. నా అనుభవంలో ఒక పట్టిక మంచి చెడ్డలు తెలుసుకోవడానికి ఇంతకు మించిన త్వరిత పరీక్ష లేదు. మొట్టమొదట దాని నాలుగు హద్దులను ముద్రించి చూడాలి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చెప్పినట్లు ఆ నాలుగు అంకెలు చెబుతాయి.

పడమటి హద్దు తూర్పు హద్దుకంటె ఎల్లప్పుడు చిన్న అంకెగా ఉంటుందనుకోవడం కూడ పొరపాటే. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఆ ఫిజీ దీవుల మీదుగా 180వ రేఖాంశం పోతుంది. దేశానికి పడమటి అంచు తూర్పు 177 డిగ్రీల దరిదాపుల్లో, తూర్పు అంచు పడమటి 178 డిగ్రీల దగ్గర ఉంటాయి. అది తెలియని ప్రోగ్రాము ఫిజీ పటం అడిగితే భూగోళాన్ని చుట్టివచ్చి, ఫిజీని తప్ప తక్కిన ప్రపంచమంతా చూపుతుంది.

చివరగా మన సంచికకు సంబంధించిన మాట. ఈ 75 సంవత్సరాల ప్రవేశ రిజిస్టర్లు తిరగవేసి, పిల్లలు ఏయే ఊళ్ళ నుంచి వచ్చి చదువుకున్నారో చూపే పటం ఒకటి తయారుచేయమని కార్యవర్గంవారు నాకు పురమాయించారు. ఇటు ఛత్రపురం నుంచి అటు గుణుపురం వరకు ఊళ్ళున్నాయి. అంటే 84వ గీతకు రెండువైపులా. రెండు తొనలుగా చీల్చి అతికితే నడుమ అతుకు కనిపిస్తుంది. మన ఊళ్ళను అలా విడదీయడానికి నాకు మనసొప్పలేదు. లెక్క చూశాను. 45వ తొనను గుణుపురం దాకా పడమరకు లాగితే, అక్కడ కిలోమీటరుకు ఒక మీటరు సాగుతుంది. పుస్తకంలో ఒక పేజీ పటానికి అది సూదిమొనంత కూడ కాదు. కనుక తెలిసి తెలిసీ హద్దు దాటాను. పొలాలు కొలవడానికైతే ఈ పని చేసి ఉండేవాడిని కాను.

ఆ సంగతిని పటం అడుగున వ్రాశాను. డబ్ల్యు.జి.ఎస్. 84, యూ.టి.ఎం. 45వ తొన, పడమట ఆ తొన హద్దుకు వెలుపల సాగించబడినది అని. నాలుగు మూలలా అక్షాంశ రేఖాంశాలు కూడ ఇచ్చాను. రేపు ఎవరైనా ఈ పటాన్ని మళ్ళీ కంప్యూటరులోకి ఎక్కించాలంటే అవి కావాలి.

అచ్చుకు పోయేలోగా ఆ పటం పెద్ద ప్రతి పదవ తరగతి గది గోడకు వ్రేలాడుతుంది. కొన్ని ఊళ్ళ పేర్లు రిజిస్టరులో రెండు మూడు విధాలుగా వ్రాసి ఉన్నాయి. కొన్ని పల్లెలకు ఆ పేరుగల మరొక పల్లె వేరొక తాలూకాలో ఉంది. పూర్వ విద్యార్థులు తమ ఊరి చుక్కను వెదికి చూసి, అది ఏటికి ఆ ఒడ్డున ఉండవలసినది ఈ ఒడ్డున కనిపిస్తే, పక్కనే ఉంచిన పుస్తకంలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను.